మోవా ఇంటి గడప దగ్గర చెప్పులు

ఇల్లు చూపించడానికి వెళ్తే ఉమారాణి మొట్టమొదట తన చెప్పులు విడిచి, పాత చీరముక్కలో చుట్టి, సంచిలో పెట్టేసుకుంటుంది. ఆ తర్వాతే తాళం తీస్తుంది. రాయ్‌పూర్‌లో ఇళ్లు చూపించేవాళ్లందరిదీ ఇదే పద్ధతి. వచ్చినవాళ్ల చెప్పుల మధ్య ఏజెంటు చెప్పులు కూడా పడి ఉంటే పాపం ఇంటికి తికమక.

"చెప్పులు అడ్డంగా విడవండి, గోడ వారగా," అంటుంది వచ్చినవాళ్లతో.

వాళ్లు గదులన్నీ తిరిగి, కుళాయిలు విప్పి చూసి, మేడెక్కి దిగి వచ్చేసరికి చెప్పులు తిరిగి ఉంటాయి. మనుషులు ఇంటికి నచ్చితే గుమ్మం వైపు, నచ్చకపోతే రోడ్డు వైపు. రోడ్డు వైపు తిరిగాయని ఎవరూ నొచ్చుకోరు. "సరే దీదీ, ఇంకోటి చూపించండి," అని తొడుక్కుని వెళ్లిపోతారు. చెప్పుల మాట కాదని కొన్నవాళ్లూ లేకపోలేదు. ఏడాది తిరక్కుండా వాళ్లే ఫోన్ చేస్తారు, ఎలాగైనా అమ్మిపెట్టమని.

కాబట్టి ఇళ్ల సంగతి తేలికే. మనుషులతోనే ఉంది తంటా అంతా. మొగుడి బూట్లు లోపలికి, పెళ్లాం చెప్పులు బయటికి తిరిగితే అక్కడే గేటు దగ్గర యుద్ధం మొదలవుతుంది. అప్పుడు ఉమారాణి మధ్యలోకి వెళ్లి ఒకటే మాట అడుగుతుంది: "పిల్లల్ని అడిగారా?" పిల్లల చెప్పులు ఎటుంటే అటు. ఆ సలహా ఇప్పటిదాకా తప్పలేదని ఆమెకి కాస్త గర్వం కూడా.

ఆ వేసవిలో రాయ్‌పూర్‌లోనే మోవా పేటలో ఒక ఇల్లు మాత్రం ఆమెకి నిద్ర పట్టకుండా చేసింది. బిలాస్‌పూర్ రోడ్డు నుంచి రెండో సందు. రెండు పడగ్గదులు, చిన్న వసారా, వెనక కరివేపాకు చెట్టు, మంచి నీళ్లు. వంక పెట్టడానికి ఏమీ లేదు. వచ్చినవాళ్లనందరినీ ఆ ఇల్లే వద్దంటోంది.

కాంట్రాక్టర్ వీరేంద్ర వచ్చాడు. లేసుల బూట్లు విప్పడానికి బద్ధకించాడు.

"జూతే ఉతారే బినా నహీ హోగా క్యా, దీదీ?"

"విప్పకపోతే ఇంటికి మీరెవరో ఎలా తెలుస్తుంది భయ్యా?"

గొణుక్కుంటూ విప్పాడు. బయటికొచ్చేసరికి బూట్లు రోడ్డు వైపు తిరగడమే కాదు, గేటు దాకా వెళ్లి నిలబడ్డాయి.

తర్వాత నీలిమ. మాట్లాడదు. ప్రతి అలమారా తెరిచి వాసన చూసింది, ప్రతి కిటికీ దగ్గరా కాసేపు నిలబడింది. ఈవిడకి ఖాయం అనుకుంది ఉమారాణి. చెప్పులు రోడ్డు వైపే.

యోగేష్ అనే కుర్రాడైతే ఉమారాణి తాళం వేస్తుండగా వంగి, తన చెప్పులు చేత్తో గుమ్మం వైపు తిప్పేశాడు.

"ఏం బాబూ, ఇంటిని మోసం చేస్తావా?"

"మా ఆవిడకి నచ్చింది ఆంటీ. ఇంటికే నచ్చలేదని వెళ్లి ఎలా చెప్పను?"

ఇంటాయన మురళీమోహన్ వరంగల్ వాళ్లబ్బాయి. ఉద్యోగం బిలాస్‌పూర్‌కి మారింది. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు.

"ఇంకా ఒక్కరి చెప్పులు గూడ లోపటికి మళ్లలేదా అక్కా? నా ఇల్లు గింత మొండిదని నాకే తెల్వదు."

"ఎవరికోసమో చూస్తోంది బాబూ. ఎవరో తెలీటం లేదు."

మామూలుగా అయితే ఆగేదే. కానీ ఉమారాణి దగ్గర టైము లేదు. ఆమె భర్త దుర్గారావుకి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. సిల్తరా ఫ్యాక్టరీ వదిలి వస్తాడో రాడో సోమవారం చెప్పాలి. వస్తాననే చెప్తాడు, అందులో అనుమానమేం లేదు. వైజాగ్ వైజాగ్ అని పద్నాలుగేళ్లుగా ఇంట్లో పోరు పెట్టింది ఆమే. పలాస నుంచి కాపురానికొచ్చిన నాటి నుంచీ మిక్సీ కొన్నా టీవీ కొన్నా అట్టపెట్టెలు పారెయ్యలేదు, వెళ్లేటప్పుడు సర్దుకోవచ్చని అటక మీద దాచింది. పిల్లలు హిందీలో కలవరిస్తుంటే ఆమెకి గుండె జారిపోయేది. వీళ్లు రేపు ఏ ఊరివాళ్లవుతారు? ఎవరితో ఏ భాషలో దుఃఖం చెప్పుకుంటారు? ఒప్పుకున్న ఇల్లు ఒకరికి అప్పజెప్పకుండా ఊరు వదలడం మాత్రం ఆమె వల్ల కాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక బేరం వస్తానంది. పిల్లల్ని చూసుకునే పక్కింటావిడ మందిర్ హసౌద్‌లో పెళ్లికి వెళ్లడంతో రాజశ్రీనీ హరీష్‌నీ స్కూటీ మీద ఎక్కించుకుని మోవా వెళ్లింది. తీరా తలుపు తీశాక ఫోనొచ్చింది, రాలేమని. ఈలోపు పిల్లలు చెప్పులు చెరోవైపుకీ విసిరేసి లోపలికి పరిగెత్తారు. అడ్డంగా విడవమని చెప్పే వ్యవధే లేకపోయింది.

పది నిమిషాల తర్వాత తాళం వేద్దామని వసారాలోకొచ్చి ఆగిపోయింది. చెరో మూలా పడ్డ నాలుగు చెప్పులూ గడప ముందు బుద్ధిగా వరసలో, గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి.

వాటిని తిప్పేయడానికి ఆమె చెయ్యి చాచింది. యోగేష్ గుర్తొచ్చి వెనక్కి లాక్కుంది.

"రాజీ, ఇలా రా. ఏం చేశారు లోపల?"

"ఏం లేదమ్మా. హరీష్ తన రూమ్ ఏదో చూసుకున్నాడు. నేను నాది చూసుకున్నాను."

"మనం వైజాగ్ వెళ్తున్నాం కదే!"

"వెళ్తున్నామని నువ్వు చెప్పావు," అంది పదకొండేళ్ల రాజశ్రీ. "వెళ్దామా అని మమ్మల్ని అడగలేదుగా. అందరి పిల్లల్నీ అడిగిస్తావు."

ఉమారాణి తాళంచెవి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"అది కాదే, అక్కడైతే మీకు తెలుగు..."

"ఇప్పుడు నేను మాట్లాడేది ఏంటి మరి?"

హరీష్ అక్క వెనక నుంచి తొంగిచూశాడు. "మమ్మీ, వహాఁ మేరా దోస్త్ కౌన్ హోగా?"

అంతలో దుర్గారావు వచ్చాడు, డ్యూటీ దిగి, వాళ్లని తీసుకెళ్దామని. నూనె మరకల బూట్లు విప్పి, మంచినీళ్లకని లోపలికి వెళ్లి వచ్చాడు. కింద చూసి మూతి తుడుచుకున్నాడు.

"ఇదేంటి ఉమా, నావి కూడా?"

"నన్నడుగుతారేంటండీ?"

"మరి నీవెక్కడ?"

సంచిలో ఉన్నాయి. ఇన్నేళ్లలో ఎన్నో ఇళ్ల తాళాలు తీసింది కానీ ఒక్క గడప ముందు కూడా తన చెప్పులు పెట్టి ఎరగదు. అలవాటుపడి, తాముండే అద్దింటికి వెళ్లినా సంచితోపాటే లోపలికి పట్టుకుపోతుంది. అలవాటు అని పైకి అంటుంది గాని, ఎటు తిరుగుతాయో చూడాలంటే భయం. ఇవాళ భయం కూడా అక్కర్లేదు. రోడ్డు వైపే తిరుగుతాయి, తన మనసు తనకి తెలీదా? తిరిగితే ఈ వ్యవహారం ఇక్కడితో తేలిపోతుంది.

చీరముక్క విప్పి గడప మీద పడేసింది. చెప్పులు గోడ వారగా, అడ్డంగా పెట్టింది. సంచి భర్త చేతికిచ్చి, చేతులూపుకుంటూ లోపలికి నడిచింది.

చూపించడానికి కాకుండా చూడ్డానికి ఒక ఇంట్లోకి వెళ్లడం ఆమెకి అదే మొదలు. గది కొలతలు, గాలీ వెలుతురూ అని నోరు అలవాటుగా మొదలుపెట్టి, వినేవాళ్లెవరూ లేక ఊరుకుంది. వంటింటి కిటికీలోంచి కరివేపాకు కొమ్మ చేతికందుతోంది. పోపు వేగుతుండగా తుంచుకోవచ్చు. ఎక్కడో రైలు కూత వినపడింది. అటక తలుపు తీసి చూసింది. ఖాళీ. ఇందులో అట్టపెట్టెలు పట్టవు అనుకుంది ముందు. పారేస్తే పోలా అని తర్వాత తోచింది. ఆ తోచినదానికి తనే ఉలిక్కిపడింది.

బయటికొచ్చేసరికి చెప్పులు లేవు.

గుమ్మం వైపూ లేవు, రోడ్డు వైపూ లేవు. గేటు దాకా వెళ్లి చూసింది. దుర్గారావు సందు చివరిదాకా చూశాడు.

"మేం ఇక్కడే ఉన్నామమ్మా, ఎవరూ రాలేదు," అంది రాజశ్రీ.

"మిల్ గయా!" అని లోపల్నుంచి కేకేశాడు హరీష్.

తలుపు వెనక, స్విచ్‌బోర్డు కింద, చెప్పుల స్టాండు పెట్టుకోవడానికి వీలుగా ఉండే ఆ మూలలో ఉన్నాయి అవి, గోడకానించి, ఎన్నాళ్లనుంచో అక్కడే ఉన్నట్టు. గడప మీద పడేసిన చీరముక్క నాలుగు మడతలై, కాళ్లు తుడుచుకునే పట్టాలా గుమ్మం లోపల పరుచుకుని ఉంది.

దుర్గారావు ఆ పట్టా మీద ఒకసారి కాళ్లు తుడుచుకుని చూశాడు.

"రేపు వాళ్లకి రానని చెప్పేస్తాను," అన్నాడు. "వైజాగ్ ఫ్లాటుకని దాచింది ఉంది కదా."

ఆదివారం కాబట్టి ఫోను మోగనే మోగింది.

"ఎవరన్నా వచ్చిన్రా అక్కా?"

"వచ్చారు బాబూ. నలుగురు. అందరివీ లోపలికే." ఆమె గొంతు సవరించుకుంది. "ధర మీరు చెప్పిందే, ఒక్క రూపాయి బేరమాడను. కమీషన్ మాత్రం వద్దు. కొనేది మేమే."

అవతల మురళీమోహన్ నవ్వాడు.

"గదంతా సరే. అందరినీ అడుగుతవు గదా, మరి నువ్వు పిల్లలని అడిగినవా?"

"అడగలేదు," అంది ఉమారాణి. "వాళ్లే చెప్పారు."

తాళం వేసి స్కూటీ ఎక్కాక గాని ఆమెకి తెలియలేదు, కాళ్లకి ఏమీ లేదని. చెప్పులు లోపలే ఉండిపోయాయి. ఒక్క క్షణం తాళంచెవి వైపు చూసి, సంచిలో వేసేసుకుంది.