సాక్ష్యం చెప్పవలసిన ఆదివారం

మా అత్తగారి కింద దుప్పటి మార్చాలంటే ముందు ఆమెను గోడవైపు దొర్లించాలి. ఒక మోకాలు మంచానికి ఆనించి, ఆమె బరువంతా నా భుజం మీదికి తీసుకుని, రెండో చేత్తో తడిసినదాన్ని లాగెయ్యాలి. పక్షవాతం వచ్చిన కొత్తలో ఇది ఇద్దరు చేయవలసిన పని అని నర్సు చెప్పింది. ఇద్దరన్న మాట మా ఆయన చెవిన పడినట్టు లేదు. గుమ్మంలో నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "అలా మొహం మాడ్చుకుని చేస్తే ఏం లాభం? ఏ పనైనా దేవుని మహిమ కోసం చెయ్యాలి" అనేవాడు. ఆ తర్వాత కాఫీ అయిందా అని అడిగేవాడు.

ఆ మాట ఆయన సొంతం కాదు, మా పాస్టరు గారి ప్రసంగంలోది. ఎంత చిన్న పనిలోనైనా దేవుణ్ణి ఘనపరుస్తూ రోజు గడపవచ్చని పాస్టరు గారు చెబుతుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు. నా బతుకులో ఉన్నవన్నీ చిన్న పనులే. అవి కూడా పైకి చేరతాయని అంతకుముందు నాతో ఎవరూ అనలేదు. ఆ రోజే తీర్మానం చేసుకున్నాను. లేవగానే మంచం మీద కూర్చుని, ప్రభువా, ఈ రోజు నీది అనుకునేదాన్ని. అయితే రోజును దేవుడి చేతికివ్వడమంటే నోరు మూసుకోవడమేనని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. మధ్యాహ్నం నుంచి నేను ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటాను. డాక్టరు ఆలస్యంగా వస్తే రోగుల తిట్లు నాకు, తొందరగా వస్తే గది ఇంకా ఊడ్పించలేదని ఆయన తిట్లు నాకు. అన్నీ మింగి నవ్వేదాన్ని. ఇంటికొచ్చి గిన్నెల ముందు నిలబడి అదే నవ్వు నవ్వేదాన్ని. కొన్నాళ్ళకి ఆ నవ్వు నాదో, మొహానికి అంటుకుపోయిన మరకో తెలియకుండా పోయింది.

మా ఆయన ఉదయం పూట బడిలో లెక్కలు చెబుతాడు. నేను పనికి వెళ్ళే వేళకి ఇంటికి వస్తాడు, కాబట్టి సాయంత్రం దాకా తల్లిని చూసుకోవడం ఆయన వంతు. ఆయన సంఘ పెద్ద కూడా. ఎవరింట్లో జబ్బు చేసినా ప్రార్థన చెయ్యడానికి మొదట ఆయన్నే పిలుస్తారు. రోగి తల మీద చెయ్యి ఉంచి ఆయన ప్రార్థిస్తే రాయైనా కరుగుతుంది. అదే చేత్తో వాళ్ళమ్మ తల దువ్వమంటే మాత్రం, అది ఆడవాళ్ళ పని.

అత్తగారు కూడా తక్కువ మనిషేం కాదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో, ఉద్యోగం చేసే కోడలంటే ఇంట్లో రెండో గడియారం, రెండూ తప్పే చెబుతాయి అని వచ్చినవాళ్ళ ముందు నవ్వించేది. మంచాన పడ్డాక ఆ నాలుక సగం మొద్దుబారింది, మిగతా సగం నాకు చుట్టమైంది. ఒకసారి స్నానం చేయిస్తుంటే, వాడికి మంచినీళ్ళు కూడా చేతికందించి పెంచానే, ఇప్పుడు నాకెవడు అందిస్తాడు అంది. అని తనే నవ్వింది, పడిపోయిన పెదవి వైపు నుంచి నీళ్ళు కారుతుంటే.

ఒకరోజు పొద్దుటి నుంచీ ఆమె ఊపిరి బరువుగా ఉంది. సెలవు కావాలని ఫోన్ చేశాను. మీ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు చావుబతుకుల్లోనే ఉంటారేమిటి, రాకపోతే ఇక రానక్కర్లేదు అన్నాడు డాక్టరు. మా ఆయనకు పదే పదే చెప్పాను, ఈ ఒక్క పూట కదలవద్దని. సరేనన్నాడు. నేను బయల్దేరబోతుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుని వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి తలుపుకి బయట తాళం. నా దగ్గరున్న తాళంచెవితో తీశాను. లోపల లైటు లేదు. ఆమె సగం మంచం మీద, సగం కిందికి జారి ఉంది. మంచినీళ్ళ గ్లాసు నేల మీద దొర్లి ఉంది. ఒళ్ళు చల్లబడింది. ఆమెను ఎత్తి సరిగ్గా పడుకోబెట్టి, కళ్ళు మూసి, పక్కన కూర్చున్నాను. ఏడుపు రాలేదు.

ఆయన ఎవరింటికో ప్రార్థనకు వెళ్ళి వచ్చాడు. చూసి గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అది కూడా చెప్పాలి. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, నా వైపు చూడకుండా అన్నాడు.

"నేను పక్కనే ఉన్నానని చెబుదాం. నా చేతుల్లోనే పోయిందని."

నేను నేల మీది గ్లాసు తీశాను.

"తల్లిని వదిలేసి తిరిగాడంటే సంఘంలో నా సాక్ష్యం ఏమవుతుంది? పోయేది నా పరువు కాదు, దేవుని నామం."

వచ్చిన వాళ్ళందరికీ ఆయనే చెప్పాడు. సమాధి కార్యక్రమం నాటికి ఆ కథలో తల్లి తన చెయ్యి నొక్కింది. మర్నాటికి చిరునవ్వు నవ్వింది. ఆ తర్వాత కొడుకు పాడుతున్న పాట వింటూ కళ్ళు మూసింది. చివరికి ఆయనే నమ్మేశాడనుకుంటాను. ఆదివారం ఆరాధన తర్వాత ఆమె జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టారు. భర్త చేసిన సేవ గురించి భార్య నాలుగు మాటలు చెబితే యువతకు బాగుంటుందని పాస్టరు గారు కబురు పంపారు.

ఆ ఉదయం మంచం మీద కూర్చుంటే, ఈ రోజు నీది అన్న మాట నోట రాలేదు. ఇన్నాళ్ళూ నేను దేవుడికిచ్చిందేమిటి? భయం. మా ఆయన పరువుకి కాపలా, డాక్టరు కోపానికి గొడుగు. వీటన్నిటికీ దేవుని పేరు తగిలించి రోజూ పైకి పంపాను. చీకట్లో నీళ్ళకోసం చెయ్యి చాచిన ముసలామె కూడా దేవుని బిడ్డే కదా. ఆమె ఎలా పోయిందో దాచిపెడితే పెరిగే మహిమ దేవుడికెందుకు? అలా అనుకోగానే భయం వేసింది. అయినా ఇకమీదట ఏ రోజు దేవుడికిచ్చినా అబద్ధం లేనిదే ఇవ్వాలనుకున్నాను.

సంఘం ముందు నిలబడ్డాను. మా ఆయన మొదటి వరసలో తల వంచుకుని ఉన్నాడు. మా అత్తగారు ఒక్కతే ఉండగా చనిపోయిందని చెప్పాను. నేను పనిలో ఉన్నానని, ఇంటికి తాళం వేసి ఉందని, నీళ్ళు కింద పోయి ఉన్నాయని చెప్పాను. ఆయన గురించి ఏమీ అనలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఎవరో దగ్గారు. మా ఆయన లేచి పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు.

కూడిక ముగిశాక ఆడవాళ్ళు నన్ను తప్పుకుంటూ నడిచారు. పాస్టరు గారు మెట్ల దగ్గర ఆపారు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"కొన్ని ఇంట్లోనే ఉంచుకోవాలమ్మా."

"ఇంట్లోనే ఉంచామండీ. ఉంచి తాళం వేశాం."