పై నట్టు

నగరిలో ఏకాంబరానికి నాలుగు మరమగ్గాలు, ఒక పాత వ్యాను ఉండేవి. మగ్గాల బాగోగులన్నీ భార్య వరదమ్మవి. వ్యాను మాత్రం ఆయన సొత్తు. దాని తలుపు ఇంకొకరు గట్టిగా వేసినా ఓర్చుకోలేడు. ఆ వ్యాను నడపడం నేర్చుకోవాలని వరదమ్మకు రెండేళ్లుగా ఒకటే ఆశ. చప్పుడు విని మగ్గంలో ఏ బోల్టు వదులైందో చెప్పే మనిషికి స్టీరింగు ఒక లెక్కా? కానీ అడిగినప్పుడల్లా ఏకాంబరం గొంతు తగ్గించేవాడు.

"నాదేముండాది వరదా? మా అమ్మే ఒప్పుకోదు."

అత్త కుప్పమ్మ నోటికి జడిసి వరదమ్మ ఊరుకునేది.

ఎనభై నాలుగు ఎండాకాలంలో వ్యాను రెండో గేరు మొరాయించింది. గేరుబాక్సులో ఆయిలు మార్చి ఎన్నాళ్లయిందని మెకానిక్కు ఆదిమూలం అడిగాడు. "అదేమన్నా బ్రహ్మవిద్యా? నేనే మార్సుకుంటా పోప్పా!" అని ఏకాంబరం టీకొట్టు దగ్గర పదిమంది వినేట్టు అనేశాడు. అన్నాక చేయక తప్పుతుందా?

ఆదివారం పొద్దున వ్యానును వీధి చివరిదాకా తిప్పి ఆయిలు వేడెక్కించాడు. వాకిట్లో ఆపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. అడుగు నట్టు విప్పగానే నల్లటి ఆయిలు బేసినులోకి దిగింది.

"సూడే, ఎట్లా మాడిపోయిండాదో! ఆదిమూలమయితే దీనికి రెండు దినాలు సేసుండును."

చుక్క మిగలకుండా కారనిచ్చి, వేస్టు నూలుతో తుడిచి, నట్టు బిగించాడు. ఇక గేరుబాక్సు పక్కనున్న పై నట్టు విప్పి, ఆ రంధ్రంలోంచి కొత్త ఆయిలు పోయడమే మిగిలింది. ఆ పై నట్టు కదల్లేదు. స్పానరు పట్టుకుని వేలాడాడు, తిట్టాడు, బతిమాలాడు. బయటికి కనబడుతున్న రెండు కాళ్లూ తన్నుకున్నాయే గానీ, నట్టు మాత్రం ఉలకలేదు.

వరదమ్మ వంగి చూసింది.

"పైది వస్తాదా రాదా అని సూడకుండానే కిందిది ఇప్పేసినావా?"

కాళ్లు ఆగిపోయాయి.

"కొత్త పడుగు సేతికి రాకముందే పాత పడుగును అచ్చులోంచి ఎవురన్నా లాగేస్తారా?"

నేతవాళ్లలో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. కొత్త పోగులను పాత పోగుల కొసలకే అతుకుతారు. పాతవి ముందే లాగేస్తే వేల పోగులు ఒక్కొక్కటే మళ్లీ దువ్వెనలాంటి అచ్చు పళ్లలోకి ఎక్కించుకోవాలి. చేసినవాణ్ణి వీధి వీధంతా ఏళ్ల తరబడి నవ్వుకుంటూ తలుచుకుంటుంది.

పాత ఆయిలు పోయింది, కొత్తది పోసే దారి లేదు. తెల్లారితే లుంగీల బేళ్లు మద్రాసు పోవాలి. ఆదిమూలాన్ని పిలిస్తే టీకొట్టు ముందు తలెత్తుకుని నడవడం కల్ల.

"ఆ నట్టు నేనిప్పితే వ్యాను నేర్పిస్తావా?" అంది వరదమ్మ.

వ్యాను కిందినుంచి స్పానరు బయటికి జారింది. "ఇప్పు సూద్దాం. మా అమ్మను మాత్రం నువ్వే ఒప్పించుకోవాల."

వరదమ్మ నట్టు చుట్టూ కిరసనాయిలు పోసి, సుత్తితో మెల్లగా తట్టి, అందరికీ అన్నం పెట్టి వచ్చింది. తర్వాత స్పానరు తోకకు షెడ్డులోని ఇనుప గొట్టం తొడిగి పొడుగు చేసింది. చీర బిగించి కిందికి దూరి, ఊపిరి బిగబట్టి లాగింది. 'కిర్రు'మని నట్టు తిరిగింది. ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది ఆమెకు.

అంత ఇరుకులో ఆయిలు పోయడానికి ఎదురింటి మంత్రసాని ఆనందమ్మ దగ్గర ఎనిమా డబ్బా అడిగి తెచ్చింది. దాన్ని వ్యాను కిటికీకి తగిలించి, దాని రబ్బరు గొట్టం చివరను పై నట్టు రంధ్రంలో పెట్టింది. డబ్బాలో కొత్త ఆయిలు పోస్తూ, రంధ్రం అంచు దాటి కారేదాకా నింపి, నట్టు బిగించింది.

"ఈ డబ్బా సంగతి ఎవురికీ చెప్పబాక," అన్నాడు ఏకాంబరం నీరసంగా.

అప్పుడే కుప్పమ్మ గడప దాటి వచ్చింది. ఏకాంబరం మళ్లీ వ్యాను కిందికి దూరబోయాడు. వరదమ్మ ధైర్యం చేసి అడిగేసింది.

"అత్తా, నేను వ్యాను తోల్తా. నువ్వేమంటావు?"

కుప్పమ్మ కొడుకు వైపు తిరిగింది. "తోలనీరా! తిరుత్తణి తీసకపొమ్మని మూడేండ్లుగా అడగతా ఉండా, నీకు తీరలేదు. కోడలికన్నా నేర్పించరా అంటే, దానికి బయ్యమమ్మా, స్టీరింగు ముట్టదమ్మా అన్నావే!"

వరదమ్మ మొగుడి వైపు చూసింది. ఏకాంబరం శుభ్రంగా ఉన్న స్పానరునే మళ్లీ తుడవసాగాడు. రెండేళ్లుగా తను జడిసింది ఈ ముసలమ్మకా? నవ్వాలో తిట్టాలో తెలియక ఆమె చెయ్యి చాచింది. ఆయన తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు.

నేర్పేవాడు పక్కన కూర్చోవాలి గదా అని ఏకాంబరం అవతలి తలుపు తీశాడు. ఆ సీట్లో అప్పటికే కుప్పమ్మ కొంగు సర్దుకుంటోంది.

"ఎనకాల కూసోని చెప్పరా," అంది, "మాకు ఇనపడతాది."