ఈలక్క దేనితో మారాలి?

బొమ్మలమ్మ వచ్చేసరికి పబ్లిషరు గదిలో నీడ పట్టున ఉన్న కుర్చీ కథలాయన ఆక్రమించేశాడు. మొహాన ఎండ కొట్టే కుర్చీ ఒక్కటే మిగిలింది. ఇలాంటి చిన్నచిన్న దుర్మార్గాల్లో ఆయన చెయ్యి తిరిగినవాడని ఆవిడకి కాపురం చేసిన రోజుల నుంచే తెలుసు. కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడింది.

ఒకప్పుడు వాళ్ళు మొగుడూ పెళ్ళాలు. ఆయన రాసేవాడు, ఆవిడ గీసేది. అలా పుట్టింది పిల్లల బొమ్మల కథల్లోని ఈలక్క. పగలంతా బస్సులో టిక్కెట్లు కొట్టే కండక్టరు. ఆపద వచ్చిందంటే మెడలో వేలాడే రేకు ఈల ఊది గాలిలా మారిపోయేది. ఊపిరి ఎంతసేపు నిలిస్తే అంతసేపే శక్తి. పిల్లలు ఈలలు కొనుక్కుని ఊది ఇళ్ళు అదరగొట్టేవాళ్ళు.

తర్వాత కాపురం చెడింది. హక్కులన్నీ పబ్లిషరువి కాబట్టి ఈలక్క ఎవరి వాటాకీ రాలేదు. రెండో సిరీస్ కథలాయనకి దక్కింది. ఆయన మొదటి సంచికలోనే ఈలని మురిక్కాలవలో పడేయించి, ఈలక్క చేతికి గడియారం కట్టాడు. కీ ఇస్తే తప్ప అది ఆమెని మార్చదు. కీ ఉండేది ఆమె మొగుడి జేబులో. అది చదివిన రోజు బొమ్మలమ్మకి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

అందుకే మూడో సిరీస్ తన చేతికి రాగానే, రాయడం కూడా తనే నేర్చుకుని, మొదటి పేజీలోనే గడియారాన్ని బస్సు చక్రం కింద నుజ్జు చేసింది. ఈసారి ఈలక్కని మార్చేది టిక్కెట్లకి చిల్లు పెట్టే మిషను. తన చేత్తో తను నొక్కుకుంటే చాలు, ఎవడి దయా అక్కర్లేదు. ఈలక్క మొగుణ్ణి విలన్ని చేసింది. వాడికి అచ్చం కథలాయన ముక్కే పెట్టింది.

"చూడండి మేడమ్, చూడండి సార్," అన్నాడు పబ్లిషరు, ఇద్దరికీ సమానంగా మొహం తిప్పుతూ. "ఒక సిరీస్‌లో ఈల, ఒకదాన్లో గడియారం, ఒకదాన్లో మిషను. చదివేవాళ్ళకి తల తిరిగిపోతోంది. నాలుగో సిరీస్‌కి ఏదో ఒకటి తేలాలి."

"గడియారమే," అన్నాడు కథలాయన. "అందులో కథ ఉంది. ఈవిడ మిషన్లో ఏముంది? చిల్లులు."

"కథా? పెళ్ళాం బతుకు మొగుడి జేబులో పెట్టడం నీకు కథ!" ఒంటికాలి మీద లేచింది బొమ్మలమ్మ. విడాకుల మీద సంతకం పెట్టిన రోజే ఆవిడ నోట 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

"నా ముక్కు నీ బతుకుతెరువు అయిందిగా, ఇంకా ఎందుకంత కడుపుమంట?"

"ఆ ముక్కు గీసీ గీసీ నా కుంచెకే అసహ్యం పుట్టింది."

పబ్లిషరు లేచి తలుపు తీశాడు. బయట నిలబడి అంతా వింటున్న మనిషి లోపలికి వచ్చింది. వాళ్ళ కూతురు. నాలుగో సిరీస్ రాసేది ఆ అమ్మాయేనని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

"నాకు చెప్పలేదేం?" అన్నారు ఇద్దరూ ఒకేసారి. అలా ఒక్క గొంతుతో మాట్లాడినందుకు ఒకళ్ళనొకళ్ళు కొరకొరా చూసుకున్నారు.

"చెప్తే మీ ఇద్దరూ నాకు రాసిచ్చేవాళ్ళు," అంది కూతురు. కూర్చోలేదు. "మూడూ తీసేస్తున్నా. ఇక గంట తాడే. బస్సులో ఆ చివర నుంచి ఈ చివరి దాకా ఉంటుందే, అది. ఎవరు లాగినా ఈలక్క మారుతుంది. ఆమెకి ఇష్టమున్నా లేకపోయినా."

"ఎవరు లాగినా అంటే? దారినపోయే ప్రతివాడూ లాగితే పరిగెత్తుకు రావడానికి నా ఈలక్క ఏమన్నా నౌకరా?" అంది బొమ్మలమ్మ.

"నీ ఈలక్క కాదు," అని కథలాయన అందుకోబోయాడు.

"నాన్నా, నువ్వాగు." కూతురు తల్లి వైపు తిరిగింది. "చిన్నప్పుడు నేను పరిగెత్తలేదా? నువ్వు పిలిస్తే నీ ఇంటికి, ఆయన పిలిస్తే ఆయన ఇంటికి. నీ దగ్గర ఆయన్ని తిట్టే పిల్లగా మారాలి, ఆయన దగ్గర నిన్ను. నా ఇష్టం ఎవరన్నా అడిగారా?"

బొమ్మలమ్మకి ఆ మాట సూటిగా తగిలింది. తగిలిన చోటు పట్టుకుని ఏడవడం ఆవిడ ఒంట్లో లేదు.

"అచ్చం మీ నాన్న బుద్ధే," అంది. "నలుగుర్లో పరువు తీయడం."

"గీస్తావా, గీయవా? నువ్వు కాదంటే ఇంకొకళ్ళని పెట్టుకుంటా."

కథలాయన పెదవి చివర నవ్వు కనిపించింది. ఆ నవ్వు చూశాకే ఆవిడ ఒప్పుకుంది.

పని మొదలయ్యాక తల్లీకూతుళ్ళ మధ్య పేజీలు తిరిగాయి గాని మాటలు తిరగలేదు. రెండో సంచికలో ఒక పెద్ద బొమ్మ రావాలి. ఇద్దరు ప్రయాణికులు గంట తాడుని చెరో చివర నుంచీ లాగుతారు, మధ్యలో ఈలక్క మారలేకా మారకుండా ఉండలేకా నలిగిపోతుంది, తాడు తెగుతుంది. ఆ ఇద్దరూ ఎవరో కూతురు రాయలేదు. రాయనక్కర్లేదు కూడా.

ఒక మొహం బొమ్మలమ్మ క్షణంలో గీసేసింది. ఆ ముక్కు ఆవిడ చేతికి కంఠతా వచ్చు. రెండోదానికి మాత్రం అద్దం తెచ్చి బల్ల మీద పెట్టుకోవాల్సి వచ్చింది. గీసింది. నచ్చక చింపింది. మళ్ళీ గీసింది. 'ఇదేగా నీకు కావాల్సింది, తీసుకో' అని పళ్ళు నూరుతూ, తెరుచుకున్న నోరు, మెడ మీద ఉబ్బిన నరాలు, తాడు మీద బిగిసిన వేళ్ళు, ఒక్కటీ దాచకుండా గీసింది. అంత బాగా గీసి చాలా కాలమైందని ఆవిడకే అనిపించింది. పేజీ పంపేసి, కూతురు ఏమంటుందోనని మధ్యాహ్నమంతా ఫోను పక్కనే పెట్టుకుంది.

సాయంత్రం ఫోనొచ్చింది.

"మీ ఇద్దరూ బాగా కుదిరారు," అంది కూతురు. "మధ్యలో ఉన్న మనిషిని గీయలేదు."

బొమ్మలమ్మ గబగబా తన దగ్గరున్న నకలు తీసి చూసింది. నిజమే. అటూ ఇటూ ఇద్దరూ పేజీ నిండిపోయి ఉన్నారు. వాళ్ళ మధ్య ఈలక్క నాలుగు గీతల్లో ఉంది. కళ్ళు లేవు, నోరు లేదు.

"రేపు... రేపు గీసిస్తానే," అంది.

"వద్దులే. అలాగే వేసేస్తున్నా."

"అలా ఎలా వేస్తావే? పని సగంలో వదిలేసిందంటారు నన్ను! నీకేం తెలుసు బొమ్మల గురించి?"

అవతల కూతురు ఫోను పెట్టేసింది.