ఎవరి నీడ వారిదే

శనివారం ఒంటిపూట బడి. గంట కొట్టగానే రూతు టీచరు సుద్ద చేతులు కడుక్కుని, క్యారియరు సంచిలో వేసుకుని, రామతులసి టీచరుతో కలిసి రిక్షా ఎక్కేది. బెజవాడ వన్ టౌన్‌లో రామతులసి భర్త వెంకటకృష్ణారావుకి పసుపు హోల్‌సేలు కొట్టు ఉంది. కింద బస్తాలు, పైన ఇల్లు. మేడమెట్లు ఎక్కుతుంటేనే పసుపు ఘాటుకి రూతుకి తుమ్ములొచ్చేవి. అవి విని పైనుంచి తెలుగు పండితుడు హనుమయ్య మాస్టారు, "రాణిగారు వేంచేస్తున్నారు" అనేవారు. డ్రిల్లు మాస్టారు ఇశ్రాయేలు అప్పటికే చాప పరిచి, కిటికీ తలుపులు బార్లా తీసి ఉంచేవాడు. ఆటకి ఎండ కావాలి మరి.

ఆట పేరు వేంగి సింహాసనం. కట్టింది రూతు. ఎనిమిదో తరగతికి చాళుక్యుల పాఠం చెప్పీ చెప్పీ విసిగిపోయి, రాజుల పేర్లు బట్టీ పట్టించే బదులు ఆ పిల్లల్నే రాజుల్ని చేస్తే పోలా అనుకుంది. వేసవి సెలవులంతా రామతులసి తన పక్కనే కూర్చుని నియమాలు రాయడానికి సాయం పట్టింది. రాజు పోయాడు, గద్దె ఖాళీగా ఉంది. ఒకరు రాజుగారి తమ్ముడు, ఒకరు సేనాపతి, ఒకరు గుడి భండారి, ఒకరు వర్తకుల పెద్ద. కత్తి దూయకూడదు, బెదిరించకూడదు. అడగాలి, ఒప్పించాలి, మాట పుచ్చుకోవాలి. "నా బలం నీకే" అని ఎవరైనా అంటే, అన్నవాళ్ళ నీడ లేచి వెళ్ళి విన్నవాళ్ళ నీడలో కలిసిపోతుంది. అందరికన్నా ఎవరి నీడ పెద్దదైతే వాళ్ళు గద్దెక్కినట్టు. గద్దెక్కినవాళ్ళు "ఎవరి నీడ వారిదే" అనాలి. దాంతో ఆట అయిపోతుంది, ఎవరి నీడతో వాళ్ళు ఇంటికి పోతారు.

పిల్లలు బ్రహ్మాండంగా ఆడారు. ఒకావిడ మాత్రం మర్నాడు బడికొచ్చి, "మా అమ్మాయికి ఎవరిదో పొట్టి నీడ వచ్చిందండీ" అంటే, చూసి మార్చి పంపించారు. ఆ తర్వాత టీచర్లకీ సరదా పుట్టింది. అలా శనివారాలు మొదలయ్యాయి.

ఆ రోజుల్లోనే బడి ఉద్యోగులంతా కలిసి ఇళ్ళ స్థలాల సొసైటీ పెట్టుకున్నారు. ఆలోచన రూతుదే. పటమట అవతల పొలం చూసింది తనే, కచేరీల చుట్టూ తిరిగి చెప్పులరగదీసిందీ తనే. టీచరుకైనా, ఆయాకైనా, గంట కొట్టే ప్యూనుకైనా ఒకటే కొలత స్థలం, చీటీలేసి పంచుదాం అంది. ఆయా అమలమ్మ అయితే తనకి రాబోయే స్థలంలో మునగచెట్టు ఏ మూల పాతాలో కూడా అనుకుని పెట్టుకుంది. సొసైటీకి ప్రెసిడెంటు రూతేనని అందరూ అనుకుంటున్నారు. ఎన్నిక వైశాఖంలో.

ఎన్నిక ముందు శనివారం ఆటలో రూతు రాజుగారి తమ్ముడు, రామతులసి వర్తకుల పెద్ద. హనుమయ్యగారి నీడా, ఇశ్రాయేలు నీడా, సరదాగా చేరిన మరికొందరు టీచర్ల నీడలూ అప్పటికే రామతులసి దగ్గరికి చేరాయి. రూతుది ఒక్కటే మిగిలింది.

"ఈసారికి నాకిచ్చెయ్యవే" అంది రామతులసి, మజ్జిగ గ్లాసు చేతికిస్తూ. "ఎప్పుడూ నువ్వే గద్దెక్కుతావు. రేపు అసలు గద్దె ఎలాగూ నీదే. నేను నీ వెనకే ఉంటాగా."

రూతు నవ్వింది. "నా బలం నీకే" అంది. నీడ లేచి వెళ్ళిపోయింది. అరికాళ్ళ దగ్గర కాస్త చల్లదనం పోయినట్టయింది, అంతే.

"చెప్పెయ్ మరి, బస్సు వేళయింది" అన్నాడు ఇశ్రాయేలు.

"మా చల్లపల్లి వాళ్ళు వస్తున్నారు, స్టేషనుకి పోవాలి. మిగతాది వచ్చే శనివారం చూద్దాం" అంటూ రామతులసి చెప్పులేసుకుంది. ఎవరూ ఏమీ అనుకోలేదు. రూతు నీడ లేకుండానే ఎండలో రిక్షా ఎక్కి ఇంటికెళ్ళింది.

ఎన్నిక రోజున బెజవాడలో ఎండ నిప్పులు చెరుగుతోంది. బడి ఆవరణలో వేసిన షామియానా సగంమందికి కూడా చాలలేదు. అప్పుడు రామతులసి వచ్చింది. ఆవిడ వెనకాల నీడ చెరువులా పరుచుకుని ఉంది. షామియానా బయట మాడిపోతున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అందులో కూర్చున్నారు. "అబ్బ, ప్రాణం లేచొచ్చిందమ్మా" అన్నారెవరో. పేర్లు ప్రతిపాదించమనగానే హనుమయ్య మాస్టారు లేచి రామతులసి పేరు చెప్పారు. చెబుతూ ఆయన రూతు వైపు చూడలేదు.

రూతు మాట్లాడటానికి నిలబడింది. చీటీల సంగతీ, ఒకే కొలత సంగతీ చెప్పింది. జనం ఆవిడ మొహం చూడటంలేదు, కాళ్ళ దగ్గర ఖాళీ నేల చూస్తున్నారు. నీడలిచ్చిన మిగతా టీచర్లు ఆ పెద్ద నీడలోనే కూర్చున్నారు కాబట్టి వాళ్ళ లోటు ఎవరికీ కనపడలేదు. చేతులెత్తమన్నప్పుడు షామియానా కింది కొన్ని చేతులు లేచాయి. నీడలోవన్నీ రామతులసికే లేచాయి.

సాయంత్రం రూతు వన్ టౌన్ వెళ్ళింది. ఈసారి తుమ్ములొచ్చినా పైనుంచి ఎవరూ పలకరించలేదు.

"నా వెనకే ఉంటానన్నావు" అంది.

"ఆటలో అన్నమాట అది" అంది రామతులసి, బీరువా తాళం వేస్తూ.

"అయితే ఆట ముగించు. మా నీడలు మాకివ్వు."

"ఫలానా రోజుకల్లా ముగించాలని నియమం పెట్టావా? లేదుగా. మా ఆయన అప్పుడే అన్నారు, ఇందులో సందుందని."

"నువ్వు పక్కన కూర్చుని ఉండగా రాశాను తులసీ. ఆ నియమం అవసరమని నాకు తోచలేదు."

రామతులసి తాళంచెవి బొడ్లో దోపుకుంది. "కాఫీ తాగుతావా?" అని అడిగింది.

రూతు మెట్లు దిగి వచ్చేసింది. ఏడుపు రాలేదు. ఆ వేసవి సెలవులు గుర్తొచ్చాయి. ఒకే విసనకర్ర వంతులవారీగా విసురుకుంటూ, ఒకళ్ళు మొదలెట్టిన వాక్యం ఇంకొకళ్ళు పూర్తిచేసిన మధ్యాహ్నాలు. వాటిలో ఎన్నింటిని తులసి ఈ సందు చూసుకుంటూ గడిపిందో తేల్చుకోలేకపోయింది. అదే ఎక్కువ బాధపెట్టింది.

వానాకాలంలో స్థలాలు పంచారు. చీటీలు వెయ్యలేదు. రోడ్డు వైపువి రామతులసి పుట్టింటివారికి, ఈ బడి గడపైనా తొక్కనివాళ్ళకి వెళ్ళాయి. ఆయాలు, ప్యూన్లు సొసైటీలో పూర్తి సభ్యులు కారన్నారు. అమలమ్మ వచ్చి రూతు ఇంటి అరుగు మీద కూర్చుంది.

"మునగకొమ్మ తెచ్చి కుండలో పెట్టానమ్మా. వేర్లు కూడా వేసింది. ఇప్పుడెక్కడ పాతను?"

 మర్నాటి నుంచి రూతు ఇంటింటికీ తిరిగి, మళ్ళీ సమావేశం పెట్టాలని సంతకాలు అడగడం మొదలెట్టింది. నీడ లేని మనిషిని గుమ్మంలోకి రానివ్వడానికి కొందరు వెనకాడారు. అమలమ్మ తోడుగా నడిచేది.

చలికాలం వచ్చింది. రామతులసి బడికి రావడం మానేసింది. చలిజ్వరం అన్నారు. రూతు వెళ్ళి చూసింది. డాబా మీద నడి ఎండలో కుర్చీ వేసుకుని, రెండు రగ్గులు కప్పుకుని వణుకుతోంది. వేసవిలో అంతమందికి చల్లదనమిచ్చిన నీడ ఇప్పుడు ఆవిడ చుట్టూ గడ్డకట్టినట్టుంది. ఆరేసిన చీరలు తడిగానే ఉన్నాయి. వెంకటకృష్ణారావు తన పడకని కిందిగదిలోకి మార్చుకున్నాడట.

"ఎండ తగలడం లేదే రూతూ" అంది. పెదవులు నల్లబడ్డాయి. "ఇప్పుడే చెప్పేస్తాను. మీవి మీరు తీసుకుపొండి."

రూతు చెయ్యి చాచి ఆ రగ్గు సరిచెయ్యబోయి ఆగింది. "ఇక్కడ కాదు. సమావేశంలో, పదిమందిలో చెప్పు" అంది.

"అక్కడ చెబితే నాకేం మిగులుతుంది?"

"ఎండ మిగులుతుంది."

మాఘంలో సమావేశం జరిగింది. రామతులసిని రిక్షాలోంచి ఇద్దరు పట్టుకుని దింపారు. బల్ల పట్టుకుని నిలబడి, "ఎవరి నీడ వారిదే" అంది. క్షమించమని మాత్రం అనలేదు. నీడలు నేలమీద పాకుతూ వచ్చి ఎవరివి వారి కాళ్ళకి చేరాయి. హనుమయ్యగారు తన నీడని చూసుకుని తల దించుకున్నారు. రామతులసి కాళ్ళ దగ్గర తన సొంత నీడ ఒక్కటి సన్నగా మిగిలింది. ఎండ భుజాల మీద పడగానే ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆ రోజే పంపకం రద్దుచేసి చీటీలు వేశారు. అమలమ్మకి కాలవగట్టు వైపు స్థలం వచ్చింది.

రామతులసి బదులు ప్రెసిడెంటుగా ఉండమని అందరూ రూతుని అడిగారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఎందుకని ఇశ్రాయేలు గేటు దాకా వెంటపడి అడిగాడు.

"మీరిప్పుడు నన్ను నమ్మి గెలిపిస్తారు" అంది రూతు. "నేనూ మిమ్మల్ని నమ్మాలి కదా. అది నా వల్ల కావటంలేదు."

ఇశ్రాయేలు గేటు తీసి పట్టుకున్నాడు.

బందరు రోడ్డు మీద రూతు ఒక్కతే నడిచింది. పొద్దు పడమటికి వాలింది. చెట్ల నీడలు, బళ్ళ నీడలు, మనుషుల నీడలు అన్నీ తూర్పుకి సాగి ఉన్నాయి. ఆవిడ నీడ ఒక్కటే పడమరకి, వన్ టౌన్‌లో తులసి ఇంటి వైపుకి తిరిగి ఉంది. రూతు కాసేపు నిలబడి చూసింది. తర్వాత దాన్ని ఈడ్చుకుంటూ ఇంటికి నడిచింది.