ఆవకాయ ఎక్కిన కొండ

నా ఆవకాయ గాలికొండ నాలుగుసార్లు ఎక్కింది. నేను అప్పటికి ఒక్కసారి కూడా ఎక్కలేదు.

మా వారు శేషాచలంగారు తిరువూరు హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఏటా మే నెలలో డ్రిల్లు మాస్టారు శాంతయ్యగారితో కలిసి అరకు వైపు కొండలకి వెళ్ళడం ఆయనకి అలవాటు. అనంతగిరి బంగళాలో దిగడం, పొద్దున్నే లేచి కాఫీ తోటల మధ్య నుంచి గాలికొండ మీదికి నడవడం, పైన కూర్చుని నా ఆవకాయతో అన్నం తినడం, తిరిగొచ్చి మళ్ళీ మే నెల దాకా ఆ సంగతే చెప్పడం. ఈ చివరిది మా ఇంట్లోనే జరుగుతుంది కాబట్టి అందులో మాత్రం నాకూ భాగం ఉండేది.

"పైన మబ్బు మోకాళ్ళ కింద నుంచి పోతుంది, కనకం! మన కాళ్ళు మనకే కనపడవు!" అనేవారు.

"ఇక్కడ మిరపకాయలు దంచేటప్పుడు నాకూ ఏమీ కనపడలేదండీ" అనేదాన్ని.

నేను బెజవాడలో బి.ఏ. చదివాను. తూర్పు కనుమల మీద పరీక్షలో నాలుగు పేజీల జవాబు రాసి లెక్చరరు చేత మెప్పు పొందిన దాన్ని. ఆ కనుమల్ని చూసే యోగం మాత్రం నా చిన్న జాడీకి పట్టింది. ఆ జాడీ తిరిగొచ్చినప్పుడు కడుగుతుంటే దాని అడుగున కొండమట్టి కనిపించేది. గట్టిగా తోమేదాన్ని.

కారణం అందరికీ తెలిసిందే. కొండలు మే నెలలో, ఆవకాయా మే నెలలోనే. "ఆవకాయ రోజుల్లో ఇల్లు వదిలి కొండలెక్కుతావుటే?" అని మా అత్తగారు శ్యామలాంబగారు ఒక్కసారే అడిగారు. మళ్ళీ అడగవలసిన అవసరం ఆవిడకి రాలేదు.

వెళ్ళేది జాడీ ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేదాన్ని. ప్రేమావతి టీచర్ కూడా వెళ్ళేది. శాంతయ్యగారి భార్య, బాలికల బడిలో లెక్కలు చెప్పేది. ఆవిడకి ఏటా ఆవకాయ వాళ్ళమ్మ ఏలూరు నుంచి పంపేవారు, అదీ జూన్ నెలలో. అంటే మే నెలంతా ఆవిడది ఆవిడకే. "ప్రేమావతిగారు కుచ్చిళ్ళు ఎగదోపి నడిచిందంటే మేమిద్దరం ఆవిడ వెనకే" అని మా వారు ఏటా చెప్పేవారు. పరాయి ఆడదాని నడక మెచ్చుకున్నందుకు మొగుడి మీద కోపం రావాలి. నాకు రాలేదు. మెప్పు ఆవిడే ఉంచుకోవచ్చు. నాకు కావలసింది ఆ నడక.

డెబ్భై ఆరో సంవత్సరం వేసవికి నేను తెగించాను.

మా అత్తగారికి ఆవకాయ విషయంలో ఒక శాసనం ఉంది. కలిపిన మూడో రోజున జాడీ తెరిచి, అడుగు దాకా తిరగ కలిపి, ఉప్పు చూసి, నూనె పొయ్యాలి. ఆ పని మొదట కలిపిన చెయ్యే చెయ్యాలి. చెయ్యి మారితే ఆవకాయ చెడిపోతుంది. దీంట్లో ఆవిడకి తన, పర భేదం లేదు. ఒక ఏడు సొంత చెల్లెలు సాయం చెయ్యబోతే ఆవిడ చేతిలోంచి గరిటె లాక్కున్నారు. ఇంటి జాడీలు అత్తగారే కలుపుతారు. కొండలకి వెళ్ళే చిన్న జాడీ మాత్రం నాకు వదిలేస్తారు. "ఊళ్ళు తిరిగే ఆవకాయకి నా చెయ్యెందుకు?" అంటారు.

ఆ మాటే నాకు దారి చూపించింది.

ఏటా ఏప్రిల్ నెలాఖరుకే రెడ్డిగూడెం తోటల నుంచి ఏసోబు తొలి కాయ తెచ్చేవాడు, దాంతో కలిపిన చిన్న జాడీకి ప్రయాణం నాటికి మూడో రోజు దాటిపోయేది. ఆ ఏడు అతను తెచ్చినప్పుడల్లా ఒక కాయ కోయించి, తలుపు దగ్గర నిలబడి చూసి, "టెంక ఇంకా ముదరలేదత్తయ్యా" అని తిప్పి పంపాను. అత్తగారికి చూపు తగ్గింది, ఎదురు చెప్పలేదు. ఇక పాతావకాయ మిగలకూడదు, మిగిలితే జాడీలో అదే కొండెక్కుతుంది. వీధిలో ఎవరికి నోరు చప్పబడిందని తెలిసినా ఒక గిన్నె నింపి పంపాను. నా ధర్మగుణానికి వీధి వీధంతా ఆశ్చర్యపోయింది. పిల్లలిద్దర్నీ మా పుట్టింటికి పంపేశాను. శుక్రవారం సాయంత్రం మా వారి ప్రయాణం. శుక్రవారం పొద్దున్నే టెంక ముదిరింది.

సాయంత్రం శాంతయ్యగారూ ప్రేమావతీ సంచులతో మా ఇంటికి వచ్చారు, అందరూ కలిసి బస్టాండుకి వెళ్ళడానికి. నేను చిన్న జాడీ మూతికి గుడ్డ బిగించి కడుతున్నాను. అత్తగారు అరుగు మీద వేళ్ళు మడుస్తూ కూర్చున్నారు.

"ఒరే శేషూ, ఆదివారం నువ్వెక్కడుంటావు?"

"గాలికొండ మీదమ్మా."

"మూడో రోజు ఆదివారమేగా. మరి జాడీ తిరగ కలిపేదెవరు?"

"నేను కలుపుతానులే. అదేం విద్య?"

"నువ్వు పెరుగన్నం కలిపితేనే సగం కంచం బయటుంటుంది" అన్నారు అత్తగారు.

శాంతయ్యగారు నవ్వు ఆపుకోలేక సంచి సర్దుకున్నారు. అంతా నేను అనుకున్నట్టే నడుస్తోంది. అప్పుడు ప్రేమావతి నోరు విప్పింది.

"దానికేముంది పిన్నిగారూ, ఆదివారం నేను కలిపేస్తాను. మా అమ్మ కలుపుతుంటే చూశానుగా."

నడిచే కాళ్ళూ ఆవిడవే, కలిపే చెయ్యీ ఆవిడదేనా!

అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుని నిమిరారు. "నీ చేతికేం తల్లీ, బంగారం లాంటి చెయ్యి. కాని అది మొదట కలపలేదుగా." మా వారి వైపు తిరిగారు. "దీన్ని కూడా తీసుకుపో."

"ఎవర్ని?"

"జాడీతో పాటు దాన్ని కలిపిన చెయ్యీ వెళ్ళాలి. చెయ్యి ఒక్కటే బస్సెక్కదుగా."

"ఇంట్లో మీకు ఇబ్బంది కాదూ, అత్తయ్యా?" అన్నాను. ఆ మాత్రం అనకపోతే అనుమానం వస్తుంది.

"ఇప్పటికిప్పుడు బట్టలెలా సర్దుకుంటావు?" అని మా వారు కంగారు పడ్డారు. ఆయన చూస్తుండగానే మంచం కిందనుంచి పెట్టె లాగాను. బుధవారం నుంచీ అక్కడే ఉంది.

బెజవాడలో రైలెక్కి, తెల్లారి వాల్తేరులో దిగి, శృంగవరపుకోట మీదుగా ఘాటు రోడ్డు బస్సు పట్టుకున్నాం. జాడీ నా ఒళ్ళోనే ఉంది. మొదటి మలుపు తిరగగానే కిటికీలోకి చల్లగాలి వచ్చింది. వెంటనే ప్రేమావతి నా వైపు వంగింది.

"అదిగో కనకలక్ష్మిగారూ, ఇక్కణ్ణుంచే చలి మొదలు. ఆ కనిపించేవన్నీ సిల్వరోకు చెట్లు. ఇప్పుడు ఎడం పక్కన లోయ వస్తుంది చూడండి."

ఆవిడ చెప్పినట్టే లోయ వచ్చింది. సొంతిల్లు చూపిస్తున్నట్టు చూపించింది. "తెలుసండీ, చదువుకున్నాను" అన్నాను. సిల్వరోకు అన్న మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆదివారం తెల్లవారేసరికి అనంతగిరి అంతా మంచు. బంగళా మెట్లు కూడా కనపడలేదు. శాంతయ్యగారూ ప్రేమావతీ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. నేను చీర ఎగదోపుకుని, హవాయి చెప్పులు వేసుకుని, అందరికంటే ముందు వాకిట్లో నిలబడ్డాను.

మా వారు ఎంతో ప్రేమగా అన్నారు. "ఈ మంచులో నీకెందుకు, కనకం? తడి తగిలితే ఆవకాయ పాడవుతుందని నువ్వే అంటావుగా. పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చుని తిరగ కలిపి, ఇంత అన్నం వండి ఉంచు. మధ్యాహ్నానికి మేం వచ్చేస్తాం."

ఇంత దూరం వచ్చి మళ్ళీ పొయ్యి దగ్గరకే! తిరువూరు పొయ్యి కాకపోతే అనంతగిరి పొయ్యి. నేను పన్నిన ఉచ్చులో నేనే చక్కగా పడ్డాను.

ప్రేమావతి ముందుకొచ్చింది. "నేనుంటానండీ. నేను నాలుగుసార్లు చూసిన కొండే కదా. మీరు వెళ్ళిరండి, ఆవకాయ నేను చూసుకుంటాను."

ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. అదే నాకు మండింది. ఒప్పుకుంటే కొండ నాకు దక్కుతుంది, కాని అది ఆవిడ దయ వల్ల. పైగా మధ్యాహ్నం మా వారు ముద్ద నోట్లో పెట్టుకుని "ప్రేమావతిగారి చెయ్యి పడ్డాక రుచే మారింది" అంటారు. ఆయన అనకపోయినా నాకు వినిపిస్తుంది.

"జాడీ కూడా కొండెక్కుతుంది" అన్నాను. "ఏటా ఎక్కుతున్నదేగా."

"తిరగ కలిపేది?" అన్నారు మా వారు.

"పైన."

జాడీని తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకున్నాను. శాంతయ్యగారు పట్టుకుంటానన్నారు, ఇవ్వలేదు. కాఫీ తోటల్లో దారి జారుడుగా ఉంది. ప్రేమావతి ముందు, ఆవిడ వెనక నేను, మా వెనక మాస్టార్లు. మొదటి ఎక్కుడు పూర్తి కాకుండానే నా ఊపిరి నా మాట వినడం మానేసింది.

"కాసేపు కూర్చుందామా?" అంది ప్రేమావతి వెనక్కి తిరిగి.

"మీకు ఆయాసంగా ఉందా?"

"నాకేం లేదండీ."

"అయితే నాకూ లేదు."

ఇంకా పైకి వెళ్ళాక నా చెప్పు పట్టీ ఊడింది. ప్రేమావతి తన గాజుకున్న పిన్నీసు తీసి, వంగి, బురదలో మోకాలు ఆనించి చెప్పుకి గుచ్చి పెట్టింది. "థాంక్సండీ" అన్నాను. అనడానికి కొండెక్కడం కంటే ఎక్కువ కష్టమయింది.

గాలికొండ మీదికి చేరేసరికి గాలి ఒక్కసారిగా తోసింది. మంచు విడిపోయి కిందికి దిగింది. కొండ తర్వాత కొండ, దాని వెనక నీలంగా మరో కొండ. నేను కిందికి చూసుకున్నాను. మబ్బు మోకాళ్ళ దగ్గర నుంచి పోతోంది. నా కాళ్ళు నాకు కనపడలేదు. మా వారు అబద్ధం చెప్పలేదు. అది అబద్ధమే అయితే ఈ నాలుగేళ్ళలో నేను పోగొట్టుకున్నదేమీ ఉండేది కాదు.

"కనకం, ఆవకాయ!" అన్నారు ఆయన వెనకనుంచి. కొండ మీద కూడా మొగుడు మొగుడే.

చెయ్యి చూస్తే తడి. తుడిస్తే మళ్ళీ తడి. శాంతయ్యగారు రాయి చాటున కిరసనాయిలు స్టవ్వు వెలిగించారు. దాని మీద చెయ్యి కాచుకున్నాను. మా వారు గొడుగు పట్టుకున్నారు. ప్రేమావతి తన దుప్పటి విప్పి నాకూ జాడీకీ గాలి తగలకుండా అడ్డం పెట్టి నిలబడింది. అడుగు దాకా తిరగ కలిపాను. అన్నం ఉడికాక నలుగురం తిన్నాం. మాస్టార్లిద్దరూ మామూలుగానే ఆవకాయని పొగడడం మొదలుపెట్టారు.

ప్రేమావతి నా చెవి దగ్గరకి వచ్చింది. "నాలుగేళ్ళుగా ఈ కొండ మీద ఇదే పాటండీ. నేను కష్టపడి ముందు ఎక్కి నిలబడతానా, వీళ్ళు వచ్చి కూర్చుని మీ ఆవకాయ గురించి మాట్లాడుకుంటారు. ఒక్కోసారి ఈ జాడీని లోయలోకి తోసేద్దామనిపించేది."

"నిజంగానా?"

"దేవుడి తోడు."

అప్పుడు ఆ కొండలు నాకు నిజంగా అందంగా కనిపించాయి.

తిరువూరు వచ్చిన వారానికి చిన్న జాడీలో మిగిలిన ఆవకాయ మీద తెల్లగా బూజు పట్టింది. అత్తగారు ముక్కుతోనే కనిపెట్టేశారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. చెయ్యి మారకుండానే చెడింది కాబట్టి, వచ్చే ఏడు ఇక ఆ చెయ్యి కొండెక్కవలసిన పనే లేదు.

"దీనికి కొండగాలి పడలేదే" అన్నారు అత్తగారు.

"అవునత్తయ్యా."

"నీకు పడినట్టుంది. మొహం తేటగా ఉంది." జాడీ నా చేతిలో పెట్టారు. "వచ్చే ఏడు ఇది ఇంట్లో ఉంటుంది. మీరు కందిపొడి పట్టుకెళ్ళండి. దానికి తిరగ కలపడాలు లేవు."

"మీరు అంటే నేను కూడానా?" అని అడగలేదు. అడిగితే ఆవిడ ఆలోచించుకుంటారు. జాడీ తీసుకుని వంటింట్లోకి నడిచాను.

"కాయ మాత్రం ఏప్రిల్లోనే తీసుకో" అన్నారు వెనకనుంచి. "ఏసోబుని పాపం అన్నిసార్లు తిప్పకు. చూపు లేకపోయినా, కోసిన కాయ మీద గోరు గుచ్చితే టెంక సంగతి నాకు తెలుస్తుందే."

జాడీని శుభ్రంగా తోమి, పై అలమరలో గోడ వైపు తిప్పి బోర్లించాను. వచ్చే మే నెల అంతా దానికి అక్కడే.