సరస్సు వాటా

పైరుకు మెడలు లేవు. నిన్న సాయంత్రం దాకా కట్టలు కట్టలుగా నిలబడ్డ అడవి వరి కంకుల స్థానంలో సరస్సు నీళ్ళ మీద మొండి దుబ్బులు మిగిలాయి. షావనిక్వే గడ వేయడం ఆపేసింది. పడవ దానంతట అదే కాస్త దూరం పోయి దుబ్బులకు తగిలి ఆగింది.

"అమ్మా, మనవే! మన కట్టలన్నీ కోసుకుపోయారే!" అని కూతురు మెమెంగ్వా గుండెలు బాదుకుంది.

చుట్టూ వేరే పడవల్లోంచీ అదే ఏడుపు. కంకి పాలు పోసుకునే రోజుల్లోనే ఆ ఒడ్డు ఆడవాళ్ళంతా నీళ్ళలో తిరిగి, కంకుల్ని పిడికెడు పిడికెడు దగ్గరికి లాగి, నారతో చుట్టి ముళ్ళు వేశారు. గాలికి రాలవని, పిట్టలు తినవని, ఫలానా ఇంటివని తెలుస్తుందని. ఓజిబ్వే తెగ మనిషి ఆకలికి చస్తాడు గానీ ఇంకొకరి ముడి విప్పడు. పైగా కోతల పెద్ద నొడినిక్వే అవ్వ గింజ కొరికి చూసి, మొక్కుగా నీళ్ళలో పొగాకు వదిలి, "ఇక దిగండమ్మా" అనేదాకా ఒక్క పడవా పైరులోకి పోదు. అవ్వ ఈ పొద్దే ఆ మాట అంది. అప్పటికే అంతా అయిపోయింది.

కోసుకుపోయింది కాంట్రాక్టర్ హాల్వర్సన్. అడవిని నరికి, జింకల్ని తరిమి, ఇప్పుడు గింజ మీద పడ్డాడు. దొరల వేట సరస్సులో బాతులకు మేత కావాలట! మనుషుల శీతాకాలపు కూడు బాతులకు! ఇదేం అన్యాయమని అడిగితే సర్కారు ఒకటే మాట అంటుంది: నీళ్ళు అందరివీ. అందరివీ అయిన నీళ్ళలో పండింది ఒక్కడి బళ్ళకెలా ఎక్కుతుందో సర్కారు ఏనాడూ చెప్పలేదు.

ఒడ్డున అందరూ గుమిగూడారు.

"సర్కారు ఏజెంటు దొర దగ్గరికి పోదాం. అర్జీ పెడదాం" అన్నాడు ముసలి బాటిస్ట్.

"పెట్టు మామా పెట్టు. నిరుడు పెట్టిన అర్జీతో చుట్ట ముట్టించుకున్నాడుగా, ఈ ఏడు ఇంకోటి కావాలి" అన్నాడు బాజిల్. సర్కారు బడిలో దెబ్బలు తిని దొరల భాష నేర్చుకొచ్చిన కుర్రాడు. వాడు షావనిక్వే వైపు తిరిగాడు. "నే చెప్పలేదా అత్తా? ముడి చూసి ఆగేది మనమే. వాడికేం ముడి, వాడికేం నీతి? విడివిడిగా ఉంటే కోయలేక చచ్చేవాడు. కట్టలు కట్టి మరీ చేతికందించాం. కొడవలి వేశాడు, పోయాడు."

ముళ్ళు వేస్తే చాలు, ఎవడూ ముట్టుకోడని వేసవిలో అందరికీ నచ్చజెప్పింది షావనిక్వేనే. ఆమెకు తల కొట్టేసినట్టయింది. పోయిన శీతాకాలం మెమెంగ్వా ఒక బిడ్డను పోగొట్టుకుంది. ఇంకా ఇద్దరున్నారు.

"అవున్రా, నేనే కట్టమన్నా. దొంగ కూడా మనలాంటి మనిషే అనుకున్నా. తిట్లు తర్వాత తిడుదువు గానీ, వాడి పడవలు ఇంకా సరస్సు దాటలేదు. ఏటి మూతి దగ్గరికి రాక చస్తాడా? పదండి!"

సరస్సులోంచి ఏరు బయటికి పోయే ఆ మూతికి ఇవతల నీళ్ళు నడుము లోతే. బెరడు పడవలన్నిటినీ అడ్డంగా పెట్టి జనం నీళ్ళలో దిగారు. హాల్వర్సన్ బల్లకట్టు పడవలు మూడు, ఇంటి కప్పుల్లా కట్టలు పేర్చుకుని వచ్చి ఆగాయి. ఒడ్డు మీద షెరీఫ్, అతని తుపాకుల మనుషులు అప్పటికే ఉన్నారు. పేదవాడి సొమ్ము పోయినప్పుడు కళ్ళు తెరవని చట్టం దొంగ సొమ్ముకు అంత తొందరగా కాపలా కాసింది.

"మా గింజ మాకిచ్చి పొమ్మను!" అని అరిచాడు బాటిస్ట్. అరుస్తూనే పడవ అంచు పట్టుకున్నాడు. తుపాకీ పేలింది. ముసలాయన చెయ్యి నెత్తురైంది. ఇద్దరు అతన్ని పట్టి నిలబెట్టారు.

షెరీఫ్ ఏదో కేకేశాడు. బాజిల్ మొహం నల్లబడింది. "ఒక్క గింజ ఒడ్డుకు చేర్చినా జప్తు చేస్తాడట. ఇళ్ళన్నీ సోదా చేస్తాడట."

అయిపోయింది. పోట్లాడి గెలిచినా తినలేరు. వెనక్కి తగ్గితే వాడు ఎత్తుకుపోతాడు. షావనిక్వే హాల్వర్సన్ మొదటి పడవ అంచు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. మెడలంటా కోసిన పైరు. తమలా కర్రతో కొట్టి దులిపితే సగం పడవలో పడేది, సగం నీళ్ళలో పడి వచ్చే ఏడాదికి మొలిచేది. ఈ ఏడు సరస్సుకు ఒక్క గింజ రాలలేదు. ఈ శీతాకాలమే కాదు, వచ్చే శీతాకాలమూ లేదు.

"నాకు తోచింది చెప్పేస్తున్నా అవ్వా. మనకెటూ లేదు. ఈ గింజ సరస్సుకైనా ఇద్దాం" అంది షావనిక్వే.

నొడినిక్వే అవ్వ తల ఊపింది.

"అమ్మా! మరి పిల్లలకు?" అంది మెమెంగ్వా.

"పిల్లలకు లేదే తల్లీ. ఏం చెప్పను? లేదు."

మెమెంగ్వా తల్లిని ఒక్క క్షణం శత్రువును చూసినట్టు చూసింది. ఏడుస్తూనే వచ్చి పడవ కింద భుజం పెట్టింది. ఆ తర్వాత ఎన్ని భుజాలో! ఒకటి, రెండు, మూడు పడవలూ బోల్తా పడ్డాయి. తేలిన కట్టల మీద ఆడవాళ్ళు దేవదారు కర్రలతో విరుచుకుపడ్డారు. గింజ గింజా నీళ్ళలోకి. తినే నోళ్ళు చూస్తుండగా, తుపాకులు చూస్తుండగా దులిపారు. సగం పచ్చిది, కుళ్ళిపోతుంది. మిగిలింది మొలిచినా హాల్వర్సన్ మళ్ళీ రాడని ఎవరు చెప్పగలరు? అయినా ఎవరి చెయ్యీ ఆగలేదు.

షావనిక్వేకూ బాజిల్‌కూ సంకెళ్ళు వేసి బండెక్కించారు. షెరీఫ్ అన్న మాటను బాజిల్ అతను తిట్టినట్టే తమ భాషలో చెప్పాడు: "నీ కూడు నువ్వే నీళ్ళపాలు చేసుకున్నావు. మంచు పడితే ఏం తింటావే, పిచ్చిదానా?"

"నీ జైలు కూడు తింటానని చెప్పు" అంది షావనిక్వే.

బాజిల్ చెప్పాడు. షెరీఫ్ నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే మెమెంగ్వా చిన్నదాన్ని చంకనెత్తుకుని, పెద్దదాని చెయ్యి పట్టుకుని బండి దగ్గరికొచ్చింది. "నేనూ దులిపా. నన్నూ ఎక్కించండి."

"నేనూ!"

"పడవ ఎత్తింది నేను!"

"నా చేతిలో గుండు కూడా దించారు, నన్ను వదిలేసి పోతార్రా?" అన్నాడు బాటిస్ట్, చేతికి గుడ్డ చుట్టించుకుంటూనే.

జైల్లో అంత చోటు లేదన్నాడు షెరీఫ్. బండి కదిలించమన్నాడు.

బండి కదిలింది. నొడినిక్వే అవ్వ కర్ర ఊతంగా దాని వెనకే బయల్దేరింది. ఆమె వెనక మెమెంగ్వా, బాటిస్ట్, తడి బట్టలతో ఊరు ఊరంతా. జైలుకి రెండు రోజుల నడక. తుపాకీవాళ్ళు వెనక్కి తిరిగి గురిపెట్టారు, పొమ్మన్నారు, తిట్టారు. ఈ శీతాకాలం తిండి పెట్టాల్సింది మీరేనని చెప్పడానికి జనం నడుస్తూనే ఉన్నారు.