అక్క గాజుల చప్పుడు

రూప మొగుడు జోయెల్‌కు దేవుడు అన్నీ ఇచ్చాడు గానీ, ఓడిపోవడం ఒక్కటి నేర్పలేదు. బస్ డిపోలో ఎంత మొండి ఇంజినైనా అతని చేతిలో దారికొస్తుంది. ఇంట్లో మాత్రం ఆ మొండి ఇంజిన్ అతనే.

వానలకు ముందు, పురానాపూల్‌లోని వాళ్ళింట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నప్పుడు మొదలైంది లొల్లి. జోయెల్ అన్న ప్రేమ్‌రాజ్ అప్పుడే కొత్త చర్చి సంఘంలో చేరాడు. అక్కడ నగలు పెట్టుకోకూడదు. అతని భార్య వీణ రూపకు సొంత అక్క. అన్నదమ్ములిద్దరూ అక్కచెల్లెళ్ళనే చేసుకున్నారు. ఆ రోజు వీణ బోసి చేతులతో వచ్చింది.

"గాజులు తీస్తె నీతిమంతులైతరా అన్నా? విశ్వాసం ఒక్కటి చాలు," అన్నాడు జోయెల్, అందరి ముందర.

"క్రియలు లేని విశ్వాసం డీజిల్ లేని బస్సురా."

"అయితే పరలోకానికి నువ్వే నడుపుకుంట పో."

ప్రేమ్‌రాజ్ చాయ్ సగంలో వదిలి లేచాడు. వీణ తలవంచుకుని వెనకే వెళ్ళింది. మళ్ళీ రాలేదు. వాళ్ళుండే మొఘల్‌పురా ఏమంత దూరమని.

వీణ మెట్లెక్కుతుంటే మనిషికన్నా ముందు గాజులొచ్చేవి. ఆ చప్పుడు వినే రూప చాయ్ పెట్టేది. ఇప్పుడు లాడ్ బజార్ మీదుగా వెళ్తే ప్రతి గాజుల కొట్టులోనూ అక్క మెట్లెక్కుతున్నట్టే ఉంటుంది. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. కానీ ఫోన్ తలకు నూనె పెట్టదు కదా.

నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, యేసును తలచుకుని అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. రొట్టె పళ్ళెం వస్తే జోయెల్ ముట్టకుండా పక్కాయనకు అందించాడు. పోయిన నెలా అంతే.

ఇంటికొచ్చాక వడ్డిస్తూ అడిగింది రూప.

"బల్ల ఎందుకు ఇడిసిపెడ్తున్నవ్?"

"అన్న మీద కోపముంది. మనసుల అది పెట్టుకొని ఎట్ల తీసుకుంట?"

"అంటే ముందుగాల అన్నతోని మంచిగుండాలె. బల్ల తర్వాత."

"మరి?"

"ఏం లేదు. విశ్వాసం ఒక్కటి చాలదన్నట్టే గద. గదే బావ మాట." పప్పు వేసింది. "నాకు చెప్పకుండ బావ సంఘంల చేరినవా ఏంది? చెప్తె నా గాజులు గూడ తీస్త."

జోయెల్ ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకోలేదు. కాసేపటికి చెయ్యి కడుక్కుని బండి తాళం తీసుకున్నాడు. ఎక్కడికని అడక్కుండా రూప వెనక కూర్చుంది.

మొఘల్‌పురాలో తలుపు ప్రేమ్‌రాజే తీశాడు. పక్కకు మాత్రం జరగలేదు.

"ఏందిరా, విశ్వాసం ఒక్కటే చాలదని తెలిసిందా?"

"చాలుతది."

"మరెందుకొచ్చినవ్?"

ఏ చప్పుడూ లేకుండా వీణ వచ్చి, మొగుడి పక్కనుంచి చెయ్యి చాపి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. రూప గాజులు ఒక్కసారి మోగాయి.

జోయెల్ ఆ బోసి చేతి వైపు చూశాడు.

"వదిన చేతుల మీద నలుగురి ముందర మాటన్న," అన్నాడు మెల్లగా. "తప్పు నాదే, అన్నా."